మన పెదవుల నలుపు

అమ్మడు మిత్సుయేకు, తొలి మంచు పడుతున్న మన ఊరి నుంచి నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ, అమ్మా, కొమ్మల మీద మిగిలిన కాసిని ఆపిల్ పళ్లూ కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అల్లుడు తత్సువో గారూ, నీ కడుపులోని బుజ్జిదొరా చల్లగా ఉన్నారని తలుస్తాను.

మంచు మొదలైనప్పటి నుంచి నాకు పగలే కునుకు పడుతోంది. కుంపటి పక్కన కూర్చుంటే కొండా, ఊరూ, నేనూ తెల్లగా కరిగిపోతున్నట్టుంటుంది. ఆ మగతలో నువ్వు చిన్నపిల్లవై వస్తావు. పెదవులు నాలాగే ముదురు నీలం. ఊరి పిల్లలు మల్బరీ పళ్లు తిని, మేమూ మిత్సుయేలా అయ్యామని నాలుకలు చూపించేవాళ్లు, గుర్తుందా?

బిడ్డకూ ఈ నలుపు వస్తుందా నాన్నా అని అడిగావు. మొన్న మొరియోకా పట్నం నుంచి ఒక డాక్టరు వచ్చి నా నెత్తురు తీసి, గాజు గొట్టాన్ని కిటికీ వెలుగుకు పట్టాడు. సోయా సాస్‌లా నల్లగా ఉంది.

"గుండెజబ్బు కాదు పెద్దాయనా. నెత్తురుకు ఎరుపిచ్చే పదార్థంలోనే పుట్టుకతో చిన్న తేడా. మీ అమ్మాయి దగ్గర మీరిచ్చిన నలుపు వాటా ఒకటి, వాళ్లమ్మ ఇచ్చిన ఎరుపు వాటా ఒకటి ఉన్నాయి. బిడ్డకు ఆ రెండిట్లో ఒకటే వెళ్తుంది. నలుపు వెళ్లినా ఆయుష్షుకు ఢోకా లేదు" అన్నాడు.

"మా పెద్దాడికి రాలేదు, అమ్మాయికి వచ్చింది. మరి ఈసారి ఎరుపు వంతేగా?"

"అది వంతులు పాటించదండీ. ప్రతి కాన్పుకూ కొత్తగానే. మీ అబ్బాయికి రాలేదు కనుక అతని పిల్లలకు మాత్రం రాదు" అని నవ్వాడు.

అమ్మ నమ్మితేగా! మన బావి నీళ్లే నోరు నలుపు చేస్తాయని ఊరందరి మాట కదా. నీకోసం పై ఊరి నీళ్లు సీసాల్లో నింపింది. "అమ్మాయి ఉండే సెందాయ్‌లో నీళ్లు లేవటే?" అంటే, "ఆ డాక్టరు ఎంతమందిని కన్నాడట? మాట్లాడకుండా తాడు కట్టండి" అంది. కట్టాను. ఆ సీసాలు నీకు చేరితే తాగెయ్ తల్లీ, నీళ్లేగా.

ఇక అసలు సంగతి. అల్లుడికింకా చెప్పలేదనీ, ఆయన లేవకముందే లేచి పెదవులకు ఎర్రరంగు పూస్తున్నాననీ రాశావు. పుట్టిన బిడ్డకు రంగు పూయలేవు కదమ్మా. మన మంత్రసానైతే నా పేరెత్తి "ఇసాకు మనవడే" అని నవ్వేసి ఊరుకుంటుంది. అక్కడి డాక్టర్లు ఊపిరాడటం లేదనుకుంటారు, గుండె కోస్తామన్నా అంటారు. ఆసుపత్రిలో ముందే చెప్పాలి. అంతకంటే ముందు ఇంట్లో చెప్పాలి.

ఒక మాట ఇన్నేళ్లూ అమ్మతో కూడా అనలేదు. నువ్వు పుట్టినప్పుడు మీ నానమ్మ నిన్ను దీపం దగ్గర పట్టి, "అయ్యో, నల్లదే" అంది. అమ్మ ఏడ్చింది. నేను తల వంచుకుంటే బాధనుకున్నారు. బాధ కాదు తల్లీ, సంతోషం. నా మొహం చూసి జాలిపడని మనిషి ఒకరు నా ఇంట్లోనే పుట్టారని. ఈ బిడ్డ విషయంలోనూ నాకు లోలోపల ఆ ఆశే ఉంది. తిట్టుకోకు.

నీ పెళ్లిలో జలుబని చెప్పి మూతికి గుడ్డ కట్టుకునే కూర్చున్నాను, అల్లుడు నా నోరు చూడనే లేదు. నెలాఖరుకు రైలెక్కి వస్తున్నాను. ఈసారి గుడ్డ లేదు. ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తింటాను. ఆయన అడుగుతాడు. నీకు మాట పెగలకపోతే ఏం చెప్పొద్దు. మొహం కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చో, చాలు.

ఇట్లు,
ప్రయాణానికి మూట కట్టుకుంటున్న
మీ నాన్న,
ఇసాకు