మెహక్ ఆయాసం

తోటపల్లి గూడూరు

రాఘవమ్మక్కకు,

నెల్లూరు ఆసుపత్రిలో షుగరు పిల్లల వరసలో మీ వెన్నెల పక్కన కూర్చునే మెహక్ వాళ్ళమ్మను. మూడుసార్లు మీరు ఫోను చేసినా ఎత్తలేదు. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

మెహక్ పోయి ఈరోజుకి ఇరవై రోజులు.

ఆ సోమవారం బిడ్డకు వాంతులయినాయి. మెతుకు ముట్టలేదు. తిండి లేకుండా ఇన్సులిన్ వేస్తే షుగరు పడిపోతుందని భయపడి రెండు రోజులు సూది ఆపేసినాను. బుధవారం పొద్దున పరిగెత్తి వచ్చినదానిలా రొప్పడం మొదలుపెట్టింది. నోట్లోంచి మాగిన పండు వాసన వచ్చింది. "అమ్మీ, గాలి చాలడంలా" అనింది. ఉబ్బసం అనుకుని వీపుకు నీలగిరి తైలం రాసినాను.

ఆసుపత్రికి చేరేసరికి తెలివి లేదు. సూది లేక ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలో ఆమ్లం పెరిగిపోయిందనీ, దాన్ని బయటికి నెట్టడానికే బిడ్డ అట్లా రొప్పిందనీ డాక్టరమ్మ నా ఒక్కదానికే చెప్పింది. నేను తైలం రాస్తా కూర్చున్న ఆ రెండు గంటలూ బిడ్డ ఒళ్ళు ఒంటరిగా పోరాడతా ఉండిందక్కా.

వెన్నెల ఏ రోజైనా తినకపోతే మీరుగా సూది ఆపొద్దు. వెంటనే డాక్టరుకు చూపించండి. ఇది అడగడానికే రాసినాను.

సూది ఆపిన సంగతి మా ఆయనకు తెలియదు. జ్వరం తీసుకుపోయిందని వచ్చినవాళ్ళందరికీ చెప్తా ఉన్నాడు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యమని ఆయన చేతికే ఇస్తాను. కవరు అంటించకుండా ఇస్తాను.

మెహక్ తల్లి