నలభై రెండు మెట్లు

బంగారూ,

నాకు బీపీ పెరిగిందని మీ అమ్మ చెప్పిందట. బీపీ కాదే, కమిటీ.

సువార్తను కొత్తగా అనువదిస్తున్న ఆరుగురం నాలుగు నెలలుగా ఒక్క గ్రీకు మాట దగ్గర కూలబడ్డాం. అనాపేరోస్. అవయవం దెబ్బతిన్న మనిషి అని అర్థం. విందు చేస్తే డబ్బున్న చుట్టాల్ని కాదు, పేదల్నీ ఇలాంటివాళ్ళనీ పిలవమన్న చోట వస్తుంది. పాస్టరుగారు 'వికలాంగులు' అంటారు. బస్సులో సీటు మీద రాసే మాటలా ఉందన్నాను. ప్రొఫెసరు 'విభిన్న ప్రతిభావంతులు' అన్నాడు. "అన్నానికి పిలుస్తున్నాం నాయనా, పాటల పోటీకి కాదు" అన్నాను. అలిగి టీ ముట్టలేదు. అదీ నేనే తాగాను.

"ఇంతకీ మీ పాత మాటకేం తక్కువమ్మా?" అన్నారు పాస్టరుగారు. నేను సంచి సర్దుకుని ఇంటికొచ్చేశాను.

నీకు ఇన్నాళ్ళూ చెప్పని సంగతి ఇదే. పాత ముద్రణలో 'అవిటివాళ్ళు' అని పెట్టింది నేనే. చిన్న మాట, చదవడానికి హాయిగా ఉందని మురిసిపోయాను కూడా. నీ తొమ్మిదో ఏట ఆదివారం బడిలో ఆ భాగం చదివిందీ నేనే. పిల్లలంతా తలలు తిప్పి నీ చంకకర్రల వైపు చూశారు. పై ఆదివారం నీకు కడుపునొప్పి. ఆ పై ఆదివారమూ అదే. ఇక నువ్వు రానేలేదు. ఎందుకో తెలిసీ పద్దెనిమిదేళ్ళు నోరు మెదపలేదు, అందరి నోళ్ళూ మూయించేదాన్ని.

రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. సోమవారం వాళ్ళ మొహాన పడేస్తాను.

నీ నోటిదురుసు అమ్మమ్మ

*

బంగారూ,

నీ జవాబు మూడుసార్లు చదివాను. రెండుసార్లు కోపంతో, ఒకసారి కళ్ళజోడు తుడుచుకుని.

"మాట కాదు అమ్మమ్మా. నువ్వు ఆ మాట దగ్గర ఆగి నా వైపు చూశావు. నువ్వు చూశావనే వాళ్ళూ చూశారు" అని రాశావు. నిజమే. గ్రీకు క్రియలన్నీ గుర్తున్నదాన్ని, నా చూపు నేనే మర్చిపోయాను.

కింద నువ్వడిగిన ప్రశ్న ఇంకా మండించింది. "మీ చిత్తుప్రతి ఎవరెవరికి వినిపించారు?" అచ్చుకు ముందు పదిమందికి చదివి, ఏం అర్థమైందో వాళ్ళ మాటల్లో చెప్పించుకోవడం మా పద్ధతి. నర్సుకి, దర్జీకి, కూరలమ్మే ఆవిడకి, ఆఖరికి ప్రొఫెసరు అత్తగారికి కూడా వినిపించాం. కర్రల మీద నడిచే మనిషి ఒక్కరూ లేరు. పిలిచినా రాలేరు. మా గది నలభై రెండు మెట్ల పైన.

సోమవారం అక్కడ నీ ఉత్తరమే చదివాను. తర్వాత పాస్టరుగారు లేచి, తన కుర్చీ తనే మోసుకుని కిందికి దిగారు. ప్రొఫెసరు నిఘంటువులు దించాడు, అలక మాత్రం దించలేదు. ఇప్పుడు కమిటీ కింద గోడౌన్లో, పుస్తకాల కట్టల మధ్య.

ఈ కాగితం తిప్పి చూడు. వెనక నా రాజీనామా ఉంటుంది. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం పారేయడం నాకు చేతకాదు.

శనివారం పదింటికి రా. ఈసారి ఆ విందు భాగం చదివేది నువ్వు, వినేది మేము. ఆ మాట రాగానే ఆగి, ఒక్కొక్కరి వైపూ చూడు. ముందు నా వైపు.

అమ్మమ్మ