గుహ ఎరగని మందు

మార్చి 3
గాజు తలుపు గది. నా నుంచి మిగతా రోగులకు అంటుతుందట. పరిశోధనకని గుహలో మట్టి తవ్వుతూ మడమ కోసుకున్నాను. ఆ పుండు ఏ యాంటీబయాటిక్‌కీ లొంగడం లేదు.

మార్చి 4
ఎన్నిసార్లు మందుల కోర్సు మధ్యలో ఆపేశారు మేడమ్ అని సర్జన్ నిలదీశాడు. చదువుకున్నవాళ్లే ఇలా చేస్తే ఎలాగట. ఒక్కసారీ ఆపలేదన్నాను. నమ్మలేదు.

ఎలా చెప్పను? మట్టిలో బూజులూ బాక్టీరియాలూ ఒకదాన్నొకటి చంపుకోవడానికి విషాలు చేసుకున్నాయి. వాటినే మనం మందులన్నాం. విషం చేసేది ముందు తన విరుగుడు చూసుకోవాలి, లేకపోతే తన వంట తనే తిని చస్తుంది. ఆ విరుగుడు జీన్లు, ఇరుగుపొరుగు అగ్గిపెట్టె అడిగి పుచ్చుకున్నట్టు, చేతులు మారుతూ ఈ గుహ క్రిమికీ చేరాయి. అప్పటికి మనిషి పుట్టనే లేదు.

క్లాసులో ఇది చెబుతుంటే ఎంత హాయిగా ఉండేది.

మార్చి 6
సోమవారానికి తగ్గకపోతే మోకాలి కింద కాలు తీసేస్తారట. మావారు అద్దం అవతల నిలబడి ఫోన్లో, మట్టే కావాలంటే మన బాల్కనీ కుండీలో లేదా, గుహే దొరికిందా అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మార్చి 7
ఇప్పటిదాకా నాకు వాడిన మందులన్నీ ఆ మట్టి విషాల మనవలూ మునిమనవలే. గుహకి వాటి వంశమంతా తెలుసు. సల్ఫా మందు అలా కాదు, రంగుల ఫ్యాక్టరీల్లో పుట్టింది. దాని మొహం ఈ క్రిమి చూసి ఉండదు. కానీ సల్ఫా నాకు పడదని ఆస్పత్రిలో చేరేటప్పుడు నేనే చెప్పాను. చిన్నప్పటినుంచీ అమ్మ చెప్పే మాట. అందుకే వీళ్లు దాన్ని పరీక్షించను కూడా లేదు.

అమ్మకి ఫోన్ చేశాను. పడకపోవడమేమిటే, చేదని ఉమ్మేసేదానివి, నీతో వేగలేక డాక్టరుతో పడదని చెప్పేశాను అంది. ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా అని దెప్పింది కూడా.

డెబ్బై దాటిన మనిషి జ్ఞాపకం. నమ్మనా?

మార్చి 8
ల్యాబ్‌లో నా జూనియర్ ఈ క్రిమిని ప్లేటులో పెంచి, మధ్యలో సల్ఫా బిళ్ల పెట్టాడు. బిళ్ల చుట్టూ ఖాళీ వలయం. అక్కడ ఒక్కటీ బతకలేదు. ప్లేటు అద్దానికి ఆనించి, చూడక్కా, నీ గుహవాడికి చుట్టరికం లేని మందు ఇదే అన్నాడు. సర్జన్ గొణుగుతూనే ఒప్పుకున్నాడు. మొదటి డోసుకి నర్సు, పడకపోతే పొడవడానికి విరుగుడు ఇంజెక్షన్ పట్టుకుని పక్కనే కూర్చుంది.

మార్చి 9
దద్దుర్లు లేవు. జ్వరం దిగింది. కాలు ఇవాళ్టికి నాదే.

మార్చి 15
వాపు సగమైంది. పుండు నుంచి మళ్లీ తీసిన క్రిమితో పెట్టిన కొత్త ప్లేటు బాగుంటే రేపు ఇంటికి పంపుతారట. మావారు బాల్కనీ కుండీలోని మట్టంతా బయట పారబోశారట.

మార్చి 16
జూనియర్ ప్లేటు తెచ్చాడు. అద్దానికి ఆనించాడు. ఖాళీ వలయం లోపల, బతికున్న ఒక తెల్ల చుక్క.