మగ్గం గుంట పూడ్చకండి

లాగోస్,
ఆదివారం

పూజ్యులైన అన్నయ్యగారికి,

తమ్ముడు కోటయ్య నమస్కరించి రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీరు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ వాన విడవడం లేదు, ఉతికిన పంచె మూడు రోజులకూ ఆరదు. అన్నం దొరుకుతోంది. మిరపకాయలు పంపొద్దు, ఇక్కడివి మన గుంటూరు కాయను మించి మండుతున్నాయి. కుదిరితే కాస్త చింతపండు పంపండి. నా గురించి దిగులు పడకండి, బాగానే ఉన్నాను.

ఇక మీ ఉత్తరం సంగతి. "ఏరా, చీరాలలో అందరూ మేడలు లేపుతుంటే, ఆఫ్రికాలో తమ్ముడున్న నేను పెంకుటింట్లో పడుండాలా? పెద్దగదిలో మగ్గం గుంట పూడ్చి గచ్చు చేయిస్తున్నా" అని రాశారు. అది చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మొదటి తప్పు నాదే. మా షావుకారు హబీబు గారు సొంతూళ్ళో కట్టించిన ఇంటి ఫోటో పంపి, మనమూ ఇలాంటిది కట్టుకుందామని రాసింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆయనది లెబనాన్‌లో ఒక కొండ ఊరు. ఆ ఊరివాళ్ళు సగంమంది ఇక్కడో, బ్రెజిల్‌లోనో కొట్లు పెట్టుకున్నారు. ఊళ్ళో బడి, కరెంటు, రోడ్డు అన్నీ వీళ్ళు పంపిన డబ్బుతో వచ్చినవే. అది నేను కాదనను. మన పేటలో అలాంటి బడి కట్టిస్తానంటే మీ కాళ్ళకు మొక్కుతాను. ఎర్రపెంకుల మేడలూ ఆ డబ్బుతో లేచినవే. ఈయన మేడ కట్టేటప్పుడు, పాత ఇంట్లో పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే పొయ్యిని పీకించి పాలరాయి పరిపించాడు. ఆ పొయ్యి దగ్గర పనిచేసేది ఆయన అక్క. కిందటి నెల ఊరెళ్ళి ఆవిడను చూసి వచ్చాడు.

"మీ అక్కగారు సంతోషించారా?" అన్నాను.

"పని తీసేసి చాకిరీ ఇచ్చావు, పొద్దస్తమానం రాళ్ళు తుడుస్తున్నా అంది."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? ఇంకో గది వేయించనా అన్నాను."

నవ్వొచ్చింది. వెంటనే మీరు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

నిన్న కొట్లో ఒకావిడ మన చీరాల రుమాలు గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఇక్కడ మన గుడ్డను అలాగే కొంటారు, రంగు వాసన ఉంటేనే చేతి నేతని నమ్ముతారు. మిల్లు గుడ్డను పక్కకు తోసి మనదే తీసుకుంది. అది వదిన నేసిందే కావచ్చు. ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని ఇన్నేళ్ళు నేసిన మనిషి, మీ గచ్చు మీద కాళ్ళు ఎక్కడ పెట్టాలి? మగ్గం పెరట్లోకి మారుస్తానంటారేమో. వానొస్తే నూలు ఏం కాను? అసలు ఆవిడను అడిగారా? అడిగి ఉండరు. సంఘం మీటింగుల్లో నేతపనివాళ్ళ హక్కులని ఇద్దరం గొంతులు చించుకున్నాం. ఇంట్లో నేసేది ఎవరో ఇద్దరం మరిచాం.

వదిన సరేనంటే మేడ కట్టండి, మళ్ళీ నోరెత్తను. కాని ఆ మాట ఆవిడే రాయాలి. ఆవిడకు అక్షరాలు నేర్పింది నేను, ఆవిడ రాత నాకు తెలుసు. మీరు రాస్తే నమ్మను.

పిల్లలకు నా దీవెనలు. పేటలో పెద్దలందరినీ అడిగినట్టు చెప్పండి. కోపం వచ్చినా ఆశీర్వదించండి. ఇది చేరేసరికి గుంట పూడ్చేసి ఉంటే, మళ్ళీ తవ్వించండి.

మీకు ఎదురు చెప్పే తమ్ముడు,
కోటయ్య