రెండుసార్లు మోగితే

జనగామ,
శనివారం పొద్దున

అవ్వకు, బాపుకు మీ బిడ్డ స్వరూప దండాలు. నేనిక్కడ బాగున్నాను. అక్కడ మీరిద్దరూ బాగున్నారని తలుస్తాను అని రాయాలి కదా, ఈసారి ఆ మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. సరోజనక్కా, అంగన్‌వాడీ పిల్లలు ఇళ్లకు పోయాక ఈ ఉత్తరం జర నిదానంగా చదివి వినిపించు. ఇద్దరూ నీ ఎదురుగా కూర్చున్నాకే మొదలుపెట్టు. ఒక్కరే ఉంటే, అప్పుడైనా చదువు.

నాకు తిండికి ఇబ్బంది లేదు. హాస్టల్లో పప్పు నీళ్లలాగా ఉంటుంది కానీ అవ్వ పెట్టిచ్చిన చింతకాయ తొక్కు ఇంకా సగం సీసా ఉంది. ఇక్కడ ఎండ మన దగ్గరికన్నా గట్టిది, అడవి గాలి లేదు. అయినా బాగున్నాను, నిజంగా బాగున్నాను.

బట్టల దుకాణంలో నన్ను బిల్లు కౌంటర్లో కూర్చోబెట్టారు. పొద్దున లోపలికి పోయేటప్పుడే మా ఫోన్లన్నీ ఒక డబ్బాలో వేసి తాళం పెడతారు. మళ్లీ చేతికి వచ్చేది సాయంత్రం ఏడింటికి. కొన్నవాళ్ల ఫోన్ నంబరు కొట్టనిదే మా మిషన్ బిల్లు ఇవ్వదు. గురువారం నాడు బచ్చన్నపేట నుంచి ఒక ముసలవ్వ తువ్వాల కొనడానికి వచ్చింది.

"నంబరు చెప్పవ్వా" అన్నాను.

"ఏం నంబరు బిడ్డా, ఇంటి నంబరా?"

"కాదవ్వా, ఫోన్ నంబరు."

"నాకు ఫోనేడిది? గీ తువ్వాలతోని మొకం తుడుసుకుంటనా, మాట్లాడుతనా?"

వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వి, నా నంబరే కొట్టి బిల్లు చేతిలో పెట్టాను. మేనేజర్ చూసి, "ఏం స్వరూపా, ఊరందరికీ నీ నంబరేనా?" అన్నాడు.

ఊరందరికీ కాదు గానీ, మన ఇంట్లో అందరికీ నా నంబరే కదా అవ్వా. ఆధార్, గ్యాస్, దవాఖాన కార్డు, అన్నిటికీ అదే రాయించాం. ఆ రోజు బాపు ఛాతీ విరుచుకుని, "మా బిడ్డది రాయుండ్రి సారు, అది సదువుకున్నది. అన్నీ అదే సూసుకుంటది" అన్నాడు. నాకెంత గొప్పగా అనిపించిందో! ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ నాతోపాటే జనగామ వచ్చేస్తుందని అప్పుడు మన ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. పోయిన నెల, ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పలేదని గ్యాస్ బండి అతను సిలిండర్ తిరిగి పట్టుకుపోతే, సరోజనక్క ఫోన్‌లో నాతో, "పోనీ తియ్, కట్టెలున్నయి" అన్నావు. ఇద్దరం నవ్వుకున్నాం.

గురువారం సాయంత్రం ఫోన్ చేతికి రాగానే మెసేజ్‌లు చూశాను. తువ్వాల కొన్నందుకు ధన్యవాదాలు అని ఒకటి, పదీ నలభై రెండుకు. దానికి ముందూ వెనకా మూడు దవాఖాన మెసేజ్‌లు. పదీ నలభైకి ఒకటి, పదకొండుకు ఒకటి, పదకొండుంబావుకు ఒకటి. మూడింటిలోనూ ఆరేసి అంకెలున్నాయి, పది నిమిషాల్లో చెప్పాలని ఉంది. ఎవరి కోసమో పేరు లేదు.

మూడుసార్లు మీరు దవాఖానలో చీటీ రాసిచ్చే కిటికీ దగ్గర నిలబడ్డారు. మూడుసార్లు వాళ్లు నంబరు అడిగారు. మొదటిసారి అడిగిన వేళకు నేను ఆ ముసలవ్వతో నవ్వుతున్నాను.

అప్పటి నుంచి ఒకటే భయం. బాపు దగ్గు ముదిరిందా? అవ్వా, కళ్లు తిరిగి నాట్లలో మళ్లీ పడ్డావా? నంబరు చెప్పలేక చీటీ లేకుండానే ఇంటికి వచ్చేశారా? సరోజనక్క ఫోన్ తెర పగిలిందని, బాగు చేయించడానికి ఇస్తానని అంది కదా, గురువారం నుంచి స్విచ్ఛాఫే వస్తోంది. సర్పంచ్ ఇంటికి చేస్తే, "మీ వాడకు ఎవలు పోతరు బిడ్డా? ఎవలన్న కనవడితే చెప్తం తియ్" అన్నారు. నేనే వస్తానని సెలవడిగితే మేనేజర్, "పెండ్లిళ్ల గిరాకిల పోతవా? పో, పోతే మళ్ల రాకు" అన్నాడు.

అందుకే ఈ ఉత్తరంతోపాటు ఫోన్ కూడా పంపిస్తున్నాను. మాతో పనిచేసే రాజమ్మ అక్క ఈ రోజు కాటారం పోతోంది. మన ఊరి ఆటోలు ఆగే చోట ఉన్న కిరాణం దుకాణంలో ఇస్తుంది. లాక్ తీసేశాను. చార్జర్ దీంతో పంపిన చింతపండు సంచిలో ఉంది. దవాఖానకు మళ్లీ పోండి, ఫోన్ తీసుకునే పోండి. మీ ఎదుట కిటికీలో ఉన్నవాళ్లకే నంబరు చూపించండి. ఫోన్ చేసి నంబరు అడిగేవాళ్లు ఎంత తీయగా మాట్లాడినా చెప్పొద్దు అవ్వా, నువ్వు అందరినీ నమ్ముతావు. నా నర్సింగ్ సీటు కబురు కూడా అందులోకే రావాలి. వస్తే సరోజనక్క చూస్తుంది, దానికి తొందర లేదు.

ఇప్పుడు నేను చెప్పేది ఇద్దరూ వినండి. ఫోన్‌లో తంగేడు పువ్వు బొమ్మ పెట్టాను. అది నొక్కితే మా హాస్టల్ చూసుకునే అక్క ఫోన్ మోగుతుంది. సాయంత్రం ఏడున్నరకు రోజూ పక్కన కూర్చుంటానని బతిమాలితే, "మోగుడు ఇనుకో, ఎత్తుడు మాత్రం లేదు. గిదేమన్న ఎస్టీడీ బూతా?" అని ఒప్పుకుంది. ముందు అవ్వ ఆ పువ్వును నొక్కి, మోగగానే ఆపెయ్యాలి. తర్వాత బాపు నొక్కాలి. రెండుసార్లు మోగితే ఇద్దరూ ఉన్నారనుకుని కడుపునిండా తింటాను. ఒక్కసారే మోగితే, ఎవరిదని అడగను. మేనేజర్ ఏమన్నా సరే, బస్సెక్కుతాను.

అవ్వా, బాపు బదులు నువ్వు నొక్కొద్దు. బాపూ, అవ్వ బదులు నువ్వు నొక్కొద్దు. నేను భయపడతానని మీరు అలాంటి పనులు చేస్తారు, నాకు తెలుసు.

మీ కాళ్లకు మొక్కి అడుగుతున్నాను, నన్ను దీవించండి. వాడలో పెద్దలందరినీ అడిగానని చెప్పండి. మొదటిసారి మోగాక రెండోదానికి జర ఆలస్యం చేయకండి. ఆ నడుమ నేను ఊపిరి పీల్చుకోలేను.

మీ బిడ్డ,
స్వరూప