పదికి 9.8

రికార్డుల గది ఇన్‌చార్జి గారికి,

నమస్కారం. మీ ఎక్స్‌రే కేంద్రం కంప్యూటర్లలోకి ఎవరైనా దొంగచాటుగా దూరగలరేమో తేల్చమని మీ డైరెక్టరమ్మ గారు నన్ను నియమించారు. అంటే ఈ నెలాఖరు దాకా నేను అనుమతి ఉన్న దొంగని. మీ ఈమెయిలు కూడా పరీక్షలో భాగమే కనుక దాన్ని నమ్మడానికి లేదు. అందుకే ఇలా కాగితం మీద రాసి, కవరు అంటించి పంపుకోవాలని మా నియమం.

మీ యంత్రాల్లో కనబడ్డ లోపాల పట్టిక జత చేశాను. ప్రతిదాని పక్కనా పదికి ఇంత అని స్కోరు ఉంటుంది. అపాయింట్‌మెంట్ల సర్వర్‌కి 9.8, ప్రింటర్‌కి 3.1, మిగతావి మధ్యలో. లోపం ఉందని చెబితే చాలదు, దాంట్లోంచి దూరి రోగుల రికార్డుల దాకా వెళ్ళి చూపించాలి. అందుకు ఒక్కో లోపానికీ ఒక్కో ప్రోగ్రాము రాసుకోవాలి. ఉన్న గడువులో అన్నిటికీ రాయలేను. కాబట్టి దేన్ని ముందు పట్టుకోవాలన్నదే అసలు పని. చాలా ఏళ్ళుగా ఇదే చేస్తున్నా, ఒకటి ఎంచుకున్న మరుక్షణం రెండోదే మేలేమోనని మనసు పీకుతూనే ఉంటుంది.

మీ గురించి నేను నింపాల్సిన ఫారంలో ఒక ప్రశ్న మిగిలింది: ఆఫీసు కంప్యూటరు ఇంటికి తీసుకెళ్తారా? ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారు?

ఇట్లు,
మీ పరీక్షకురాలు

తా.క. కంగారు పడకండి. నేను తలుపు తట్టి వచ్చే రకం దొంగని.

---

మేడమ్ గారికి,

మీ మార్కుల పట్టిక అందింది. మాటల్లేవు! పదికి 9.8! నేను చదువుకున్నన్నాళ్ళూ ఏ మాస్టారూ నాకిన్ని వెయ్యలేదు. కాగితాన్ని వెంటనే నోటీసు బోర్డుకి అంటించాను. ఆ సర్వర్ పెట్టింది మా బావమరిదే. ఫోన్ చేసి చెబితే, "చూశావా బావా, నన్ను ఎందుకూ పనికిరానన్నావు" అని నిష్ఠూరమాడాడు. స్టాఫందరికీ బిస్కెట్లు పంచాను.

ఒక్క విషయంలో మాత్రం మీకు నా నిరసన. ప్రింటర్‌కి 3.1 ఏమిటండీ? ఈ ఆఫీసులో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నోరెత్తకుండా పనిచేసేది అదొక్కటే. దయచేసి మళ్ళీ దిద్దండి.

కంప్యూటరు అప్పుడప్పుడు ఇంటికి తీసుకెళ్తాను. ఇంట్లో ఒక పిల్లి ఉంది. పేరు మసి. కంప్యూటరు వాడదు, వెచ్చగా ఉంటుందని దాని మీద పడుకుంటుంది.

ఇట్లు,
గర్వంతో, ఇన్‌చార్జి

తా.క. ప్రింటర్‌కి కనీసం పాసు మార్కులైనా వెయ్యండి. రోగులు చూస్తే బాగుండదు.

---

ఇన్‌చార్జి గారికి,

ఈ ఉత్తరం చదవడం ఆపి, ముందు వెళ్ళి ఆ కాగితం పీకెయ్యండి.

పీకేశారా? అవి మార్కులు కావండీ. ప్రమాదం ఎంతో చెప్పే అంకెలు. స్కోరు ఎంత పెరిగితే అంత ముప్పు. జ్వరం నూట నాలుగు దాటినవాణ్ణి క్లాసు ఫస్టు వచ్చావని భుజం తట్టినట్టుంది మీరు చేసింది. పైగా ఆ జ్వరం సంగతి వీధిలోవాళ్ళంతా చదివేలా గోడకి అంటించారు.

తప్పు నాదే. విడమరిచి చెప్పాల్సింది.

అలాగని స్కోరునే నమ్ముకోను. ఆ లోపం దాకా బయటి నుంచి చెయ్యి అందుతుందా, ప్రోగ్రాము రాస్తే పనిచేస్తుందా, చేస్తే రికార్డుల గదికి దారి ఇస్తుందా అని చూస్తాను. మీ సర్వర్ మూడింటికీ అవుననే అంటోంది. అందుకే ముందు దాన్ని పట్టుకుంటాను. మీ ప్రింటర్ వెనకబడిందని బాధపడకండి. రికార్డుల గదికి పోయే తీగ మీదే ఉంది కాబట్టి దానికి నా వరసలో రెండో స్థానం.

నా పని గురించి మా అక్క అంటూ ఉంటుంది, "ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలోకి దొంగలా దూరతావు, మా ఇంటికి చుట్టంలా అయినా రావేమే?" అని.

ఇట్లు,
మీ పరీక్షకురాలు

తా.క. మసి పాలు తాగిందా?

---

మేడమ్ గారికి,

కాగితం పీకేశాను. పీకుతుండగా డైరెక్టరమ్మ గారు చూశారు. మీ జ్వరం పోలిక చెప్పాను. "ఈ జబ్బుకా మీరు బిస్కెట్లు పంచింది?" అన్నారు. తర్వాత గదిలోకి పిలిచి నెమ్మదిగా చెప్పారు. మీరు గనక రికార్డుల దాకా వచ్చేస్తే, రికార్డులన్నీ బయటి కంపెనీకి అప్పజెప్పేస్తారట. వాటితో పాటు నా కుర్చీ కూడా లేచిపోతుంది. పొద్దున్నే లేచి నేనెక్కడికి వెళ్ళాలండీ?

అందుకని జాగ్రత్త పడ్డాను. 9.8 సర్వర్ ప్లగ్గు పీకి, సామాన్ల గదిలోకి మోసుకెళ్ళి, దుప్పటి కప్పాను. ప్రింటర్ తీగ కూడా తీసేశాను. అపాయింట్‌మెంట్లూ, రిపోర్టులూ అన్నీ నేనే చేత్తో రాస్తున్నాను. వరస గేటు దాటింది. మోకాలి ఎక్స్‌రే కోసం వచ్చిన పెద్దాయన నించుని నించుని రెండో మోకాలికి కూడా తీయించుకున్నాడు.

ఇట్లు,
చెయ్యి నొప్పితో, ఇన్‌చార్జి

తా.క. తాగింది. సాయంత్రం నా చెప్పుల చప్పుడు వినగానే తలుపు దగ్గరికి వచ్చేస్తుంది. తలుపవతల ఎవరో ఉన్నారంటే మెట్లెక్కడం కూడా తేలికే సుమండీ.

---

ఇన్‌చార్జి గారికి,

ఆ సర్వర్ కోసం నిద్ర మానుకుని ప్రోగ్రాము రాశాను. ఇన్నేళ్ళలో నేను రాసినవాటిలో అందమైనది. నిన్న తీసుకెళ్ళి తడితే తలుపే లేదు. సరేలెమ్మని రెండో స్థానంలో ఉన్న ప్రింటర్ దగ్గరికి వెళ్ళాను. అక్కడా లేదు. జబ్బు నయం చెయ్యమంటే రోగిని దుప్పటి కింద దాచేస్తారా?

అన్నీ తిరిగి పెట్టండి. మీ బావమరిదిని పిలిచి, కంపెనీవాళ్ళు విడుదల చేసిన మరమ్మతులన్నీ వేయించండి. పాస్‌వర్డులు మార్చండి. పొడుగ్గా ఉండాలి, మీకు మాత్రం మరుపు రాకూడదు. ఆ తర్వాత మళ్ళీ వస్తాను. మీ కుర్చీ సంగతి తెలిసినా చెయ్యి వదులు చెయ్యలేను. చేస్తే, నా తర్వాత వచ్చేవాడు అనుమతి అడగడు.

ఈ ఉత్తరం కోపంగా రాద్దామని కూర్చున్నాను. కుదరలేదు. నా గదిలో ఒక బల్ల, రెండు తెరలు, ఎదురింటి గోడని చూపించే కిటికీ ఉన్నాయి. పోస్టులో నాకొచ్చేవి బ్యాంకువాళ్ళ కాగితాలు, మీ ఉత్తరాలు. బ్యాంకువాళ్ళకి పిల్లి లేదు.

ఇట్లు,
మీ పరీక్షకురాలు

తా.క. మసి పాలు తాగిందా? వీలైతే ఫొటో పంపండి.

---

మేడమ్ గారికి,

అన్నీ యథాస్థానంలో పెట్టాం. మా బావమరిది మరమ్మతులు వేశాడు. మార్కులు తగ్గినందుకు కొంచెం నొచ్చుకున్నాడు. ఫొటో కుదరదండీ, కెమెరా చూస్తే మంచం కిందికి పారిపోతుంది.

ఇట్లు,
ఇన్‌చార్జి

తా.క. పాస్‌వర్డు మార్చాను. నాకు చాలా ఇష్టమైన మాట పెట్టుకున్నాను. చచ్చినా మర్చిపోను.

---

ఇన్‌చార్జి గారికి,

పరీక్ష ముగిసింది. ఎలా ముగిసిందో మీకు నేనే చెప్పాలి.

మరమ్మతుల తర్వాత నా పట్టిక ఖాళీ అయిపోయింది. సర్వర్ లొంగలేదు, ప్రింటర్ లొంగలేదు. చివరికి మీ ఉత్తరాలు ముందు పెట్టుకుని అవే ప్రశ్నలు వేసుకున్నాను. చెయ్యి అందుతుందా? పనిచేస్తుందా? రికార్డుల దాకా దారి ఇస్తుందా? మూడింటికీ అవునన్నది మీరొక్కరే. నాతో నమ్మకంగా చెప్పుకున్న పిల్లి పేరుని వరసలో అన్నిటికంటే పైన రాశాను. రాసి, చాలాసేపు ఆ కాగితాన్ని బోర్లా పెట్టి కూర్చున్నాను. దొంగ అయితే అలా కూర్చోడు కదా అనుకుని మళ్ళీ తిప్పాను.

మీ కంప్యూటరు పాస్‌వర్డు అడిగిన చోట మసి అని కొట్టాను. కాదంది. మసిగాడు అన్నాను, కాదంది. మసితల్లి అన్నాను. మూడుసార్లు తప్పేసరికి తాళం పడిపోయింది. రికార్డుల దాకా రాలేకపోయానని రిపోర్టులో రాశాను. ఇంటి సంగతులు అడిగినవాళ్ళందరికీ చెప్పే మనిషి ఒకరున్నారని కూడా రాశాను. రాయక తప్పలేదు. క్షమించమని అడిగే హక్కు ఉందో లేదో తెలియదు.

ఇట్లు,
పరీక్షకురాలు

తా.క. జవాబు రాయకపోయినా సరే. మసి పాలు తాగిందో లేదో ఒక్క ముక్క రాస్తే చాలు.

---

మేడమ్ గారికి,

మీ పుణ్యమా అని పొద్దున్నే నా కంప్యూటరు నన్నే రానివ్వలేదు. డైరెక్టరమ్మ గారికి మాత్రం పట్టరాని సంతోషం. "అంత పెద్దావిడే రాలేకపోయింది, ఇంక బయటి కంపెనీ ఎందుకు?" అన్నారు. రికార్డులు ఇక్కడే ఉంటాయి. నా కుర్చీ కూడా. నోరు అదుపులో పెట్టుకోమని మీ రిపోర్టు చూపించి చివాట్లు పెట్టారు, అది వేరే సంగతి.

మీరు క్షమించమనకండి. ముందు నా సంగతి వినండి. మసి లేదు.

చనిపోలేదండీ, కంగారు పడకండి. అసలెప్పుడూ లేదు. ఇంట్లో ఇంకెవరెవరు ఉంటారు అని మీ ఫారం అడిగింది. ఎవరూ లేరు అని రాశాను. రాసి చూసుకుంటే ఆ రెండు మాటలూ మరీ బోసిగా కనిపించాయి. కొట్టేసి పిల్లి అని రాశాను. మీరేమో ఆ తర్వాతి ఉత్తరంలోనే పాలు తాగిందా అని అడిగారు. నన్నెవరైనా ఇంటి సంగతి అడిగి ఎన్నాళ్ళయిందో! తాగిందని రాశాను. ఆ సాయంత్రం నిజంగానే అరలీటరు ఎక్కువ కొన్నాను.

పాస్‌వర్డు ఏమిటో ఇప్పుడు చెప్పచ్చు, మార్చేశాను కాబట్టి. "మసి పాలు తాగిందా". మీరే ప్రతి ఉత్తరం చివరా రాసి పంపారు. చేతిలో తాళంచెవి పట్టుకుని కిటికీలు లాగి చూశారు మీరు.

పరీక్ష అయిపోయిందిగా, ఇక ఉత్తరాలు ఈమెయిల్లో రాసుకోవచ్చని డైరెక్టరమ్మ గారు అన్నారు. నాకు మాత్రం దాని మీద ఇంకా నమ్మకం కుదరడం లేదండీ. కవర్లు ఒక కట్ట కొనుక్కొచ్చాను.

ఇట్లు,
ఇన్‌చార్జి

తా.క. మిగిలిన పాలు మెట్ల మీద పెడుతుంటే నిన్న ఒకటి వచ్చింది. తెల్లది, ఒక చెవి చిరిగింది. ఇది నిజమైనదే, గిన్నె ఖాళీ చేసి నా చేతి మీద గీరింది కూడా. మీరు తప్పకుండా అడుగుతారు కాబట్టి ముందే రాస్తున్నాను, తాగింది. పేరు మాత్రం మీకు చచ్చినా చెప్పను.