నా పేరున్న ఖాళీ కాగితం

బావా,

బ్యాండులో అందరికీ ఎవరి వరుస వాళ్లకు కాగితం మీద రాసిచ్చి, నాకొక్కడికే నోటితో పాడి నేర్పినావు. నాకు స్వరాల రాత రాదని పదిమందికీ చూపించినట్టయింది. ఇరవై ఏండ్లు నీ పక్కన పెద్ద బాకా ఊదినా ఆ సంగతి నేను మరువలేదు.

నువ్వు పోయి మూడేండ్లు. వచ్చే ఆదివారం నీ మనవరాలి పెండ్లి. నువ్వు కట్టిన అప్పగింతల పాటే వాయించాలని నీ బిడ్డ మేరి నీ స్వరాల పుస్తకాన్ని నార్కట్‌పల్లి బ్యాండువాళ్లకు ఇచ్చింది. రేడియోలో జాజ్ విని, ఒక్కో బాజా ఒక్కో దారిన నడిచి చివరికి ఒకచోట కలవాలని నువ్వు కట్టిన పాట. పుస్తకంలో క్లారినెట్ వరుస ఉంది, ట్రంపెట్ వరుస ఉంది. నా పేరు రాసిన కాగితం ఖాళీగా ఉంది.

మేరి నా దగ్గరికి వచ్చింది.

"మామా, నీది లేకుంటే పాట బోలుగున్నది. జర పాడు, వాళ్లు రాసుకుంటరు."

"రాసుకోకుంటే రాదా వాళ్లకు? నాకు రాలేదా?" అన్నాను.

అన్నాను గానీ పాడినాను. పెండ్లిపిల్ల గడప దాటే చోట అన్ని బాజాలూ ఆగుతాయి, నేనొక్కడినే నాలుగు స్వరాలు ఊదుతాను. ఆ చోటు నాకే ఇచ్చినావు. అక్కడికి రాగానే ఆ నాలుగు స్వరాలు గుర్తుకు రాలేదు. గొంతు బాగలేదని దగ్గి, శనివారం పొద్దున రమ్మని మేరిని పంపించినాను.

అవి ఇంకెవరికీ తెలియవు. మన మేళంలో మిగిలింది నేనొక్కడినే. శుక్రవారం పొద్దుగూకేలోపు నాకు చెప్పు. కాగితం మీద వద్దు. ఎప్పటిలెక్కనే పక్కన కూర్చొని పాడు.